నూట ఇరవై బై ఎనభై

మార్చి 3, 2025. సోమవారం

పేరు: యేసమ్మ. వయసు: అరవై రెండు. ఊరు: శంషాబాద్. ఎన్నో కాన్పు: ఈ గడి ఖాళీగా వదిలేస్తున్నాను.

ఇది గర్భిణుల రిజిస్టరు. మంఖాల్ సబ్ సెంటర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సమ్మగా చేసి రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. ఈ రిజిస్టరు మాత్రం నేనే సంచిలో వేసుకుని వచ్చాను. సగం పేజీలు ఖాళీ, పారేయబుద్ధి కాలేదు. ఈ రోజు డాక్టర్ ప్రియదర్శిని బీపీ రాయడానికి ఒక నోటుబుక్కు పెట్టమంది. అది ఆమెకు. ఇది నాకు. ఇందులో నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

కుడిచేతికి వణుకు మొదలై ఆరేళ్ళు. ఇప్పుడు కాళ్ళకూ దిగింది. మూడు గంటలకో మాత్ర. అది పట్టినంతసేపు మనిషిని, దిగిపోయాక నా కాలు నా మాట వినదు. మాత్ర పట్టినప్పుడే రాయగలను కాబట్టి, ఎక్కువ రాసింది మంచి రోజు, ఒక్క ముక్క రాసింది చెడ్డ రోజు.

ప్రియదర్శిని మా అబ్బాయి కరుణ్ కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. కుర్చీ దగ్గరికి లాక్కుని చక్కగా చెప్పింది. తలకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, మెదడు లోతుకు రెండు సన్నని తీగలు దించుతారట. మెడ కింద ఎముక దగ్గర చర్మం లోపల బ్యాటరీ. అది కొద్దికొద్దిగా కరెంటు పంపుతుంటే వణుకు తగ్గుతుంది. జబ్బు పోదు, మనిషి చేతులు మనిషికి తిరిగి వస్తాయి. తీగలు దించేటప్పుడు నేను మెలకువగా ఉండి వాళ్ళు అడిగినట్టల్లా చెయ్యి ఆడించాలట. కరుణ్ మొహం సున్నం కొట్టినట్టయింది. వాడు ఎయిర్‌పోర్టు కార్గోలో రోజూ టన్నుల బరువు ఎత్తిస్తాడు, సూది పేరు చెబితే కూర్చుండిపోతాడు.

ఒక మెలిక ఉంది. నా మెదడు ఫోటోలో తెల్లచుక్కలు కనిపించాయి. ఏళ్ళ తరబడి బీపీ పట్టించుకోక సన్న రక్తనాళాలు దెబ్బతిన్న గుర్తులట. అక్కడ చూస్తే 168/98 వచ్చింది. నెల రోజులు పొద్దున, సాయంత్రం ఇంట్లో చూసి రాయాలి. నూట నలభై లోపు నిలబడితేనే ఆపరేషన్‌కు తారీఖు. కొత్త మాత్ర ఇచ్చింది, ఉప్పు తగ్గించమంది, పచ్చళ్ళు బంద్ అంది. అటక మీద మంఖాల్ నుంచి ఈరమ్మ తెచ్చిన మామిడి తొక్కు జాడీ ఉంది. అది ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు.

నాకు తొందర ఉంది. మా కోడలు రేచల్‌కు మే ఇరవై అయిదు డేటు. తల్లి లేని పిల్ల. గుడివాడ నుంచి వచ్చి నన్ను "అత్తయ్యగారూ" అని పిలుస్తుంది, ఎంత చెప్పినా ఆ "గారు" వదలదు. పురిటికి పుట్టిల్లయినా అత్తిల్లయినా నేనే. వెయ్యి మందికి పైగా నా చేతుల్లో పుట్టారు, అందులో సగం మందికి మొదటి స్నానం నా కాళ్ళ మీదే. నా మనవడో మనవరాలో మాత్రం ఇంకెవరి కాళ్ళ మీదో స్నానం చేస్తే నేను తట్టుకోలేను. ఏప్రిల్‌లో తీగలు పడితే మే నాటికి కాళ్ళు నిలుస్తాయి. లెక్క సరిపోయింది.

మార్చి 4

బీపీ రాశాను. పొద్దున 120/80, సాయంత్రం 120/80.

మార్చి 5

రాశాను. 120/80, 120/80. తొక్కు తినలేదు. పాడైందేమోనని వేలు పెట్టి చూశానంతే.

మార్చి 8

120/80.

మార్చి 12

బీపీ ఎట్లా చూసుకుంటున్నావని కరుణ్ అడిగాడు. నా పాత పాదరసం పెట్టె చూపించాను. నిజం ఏంటంటే, బల్బు నొక్కాల్సిన చేతికే వణుకు. చెవిలో గొట్టం పెట్టుకుంటే నా చేతి దడదడే వినిపిస్తుంది, నాడి వినిపించదు. వాడు బటన్ నొక్కితే అంకె చెప్పే మిషన్ ఒకటి తెచ్చాడు. ప్లాస్టిక్ డబ్బా. బీరువాలో చీరల కింద పెట్టాను.

అయినా నాకు చూడాల్సిన అవసరం ఏముంది? ఇన్నేళ్ళు బీపీ చూసినదాన్ని, మనిషి మొహం చూసి చెప్పగలను. అద్దంలో నా మొహం నూట ఇరవైలాగే ఉంది.

మార్చి 15

కాళ్ళు ఎంతవరకు నిలుస్తాయో చూసుకుందామని కరుణ్ తెచ్చిన పుచ్చకాయ తీసుకుని బాత్రూంలో పీట వేసుకున్నాను. మూడు కిలోలు ఉంటుంది, పుట్టిన పిల్లంత. కాళ్ళు చాపి, దాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె కూడా రాశాను. పని సగం చేయడం నాకు రాదు. రెండు చెంబులు పోసేవరకు బుద్ధిగా ఉంది. మూడో చెంబుకి నా కుడికాలు ఒక్కసారి ఎగిరింది. పుచ్చకాయ పోయి గడపకు తగిలి పగిలింది.

చప్పుడుకు రేచల్ వచ్చింది. గడప దగ్గర ఒక ముక్క ముట్టుకుని వేళ్ళు చూసుకుంది.

"అత్తయ్యగారూ, పుచ్చకాయకి నూనె రాశారా అండీ?"

ఈ మధ్య అన్నిటికీ మందులు కొడుతున్నారు, కడిగి తినాలి అన్నాను. ఆమె తల ఊపి ముక్కలు ఏరింది. సాయంత్రం తింటుంటే కొబ్బరినూనె వాసన వచ్చింది. అయినా తిన్నాం.

బీపీ 120/80.

మార్చి 19

మాత్ర పట్టలేదు.

మార్చి 24

నూట ఇరవై బై ఎనభై మీద నాకున్న ప్రేమ ఈనాటిది కాదు. నాకు ఆరు ఊళ్ళు, ఏడు తండాలు ఉండేవి. పొద్దున బస్సు తప్పితే మళ్ళీ మధ్యాహ్నమే. నెలాఖరుకు రిజిస్టరులో ప్రతి గర్భిణి గడీ నిండాలి. చూసిన వాళ్ళకు చూసింది రాసేవాళ్ళం, చూడని వాళ్ళకు నూట ఇరవై బై ఎనభై రాసేవాళ్ళం. అందరూ అంతే. పై ఆఫీసరు వేలు పెట్టి పై నుంచి కింది దాకా లాగి, అన్నీ నిండాయి అని సంతకం పెట్టేవాడు. ఆ రోజుల్లో మా మండలంలో ఆడవాళ్ళ ఆరోగ్యం చూస్తే దేశానికే కన్ను కుట్టాలి.

ఈరమ్మ సంగతి ఇక్కడ రాయను.

ఏప్రిల్ 3

ఈ రోజు పరువు పోయింది.

ప్రియదర్శిని నోటుబుక్కు తిప్పింది. ఒక పేజీ, రెండో పేజీ. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "నెల రోజులు, అరవై సార్లు, ఒక్క అంకె కూడా కదల్లేదు. ఆగిపోయిన గోడ గడియారం కూడా రోజుకు రెండుసార్లు నిజం చెప్తుంది యేసమ్మగారూ" అంది. నవ్వుతూనే నా చేతికి పట్టీ చుట్టింది. 170/100. నవ్వు ఆగింది.

అప్పుడు ఒక కాగితం మీద బొమ్మ గీసింది. మెదడు నిండా వేర్లలాగా నాళాలు. తీగ వాటి సందుల్లోంచి, ఒక్కదాన్నీ తాకకుండా దిగాలి. దారి ముందే ఫోటోల్లో చూసుకుంటారు. కానీ కంటికి కనిపించనంత సన్నవి కూడా ఉంటాయి. నాళం గోడ బలహీనంగా ఉండి, లోపల బీపీ తన్నుతూ ఉంటే, తీగ రాసుకున్న చోట రక్తం కారొచ్చు. చిన్న బొట్టు చాలు, మాట పోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు.

"మీరు నాకు అబద్ధం చెప్తే నష్టం నాది కాదు" అంది.

ఇంకో మాట కూడా అంది. ఈ కరెంటు వల్ల మెదడులో సన్న నాళాలకే మేలు జరుగుతుందేమోనని కొందరు పరిశోధన చేస్తున్నారట, ఇంకా తేలలేదట. ఇంటికి వచ్చేదారిలో నేను ఆ ఒక్క మాటే పట్టుకున్నాను. తీగ పడితే నాళాలే బాగుపడేటట్టయితే, నాళాలు బాగుపడ్డాక తీగ అనడం ఏం న్యాయం? కరుణ్‌ని అడిగాను. "అమ్మా, గామె ఇంకా తేలలేదన్నది" అన్నాడు. వాడికి నేను చెప్పేది సగమే వినపడుతుంది.

ఇక నోటుబుక్కు పనికిరాదు. మిషనే తీసుకుపోవాలి. మిషన్ తారీఖుతో సహా గుర్తుపెట్టుకుంటుందట. మళ్ళీ ఏప్రిల్ పంతొమ్మిదిన రమ్మంది.

ఏప్రిల్ 5

మిషన్ బయటికి తీశాను. 172/102. మళ్ళీ నొక్కాను, 169/100. వణుకుతున్న చేతికి తప్పు చూపిస్తుందని ఎడమచేతికి పెట్టాను. 171/98. దీనికి సర్ది చెప్పడం రాదు. పుట్టుకతోనే పొగరుబోతు మిషన్.

అందులో ఉన్నది తుడిచేయడం ఎట్లా అని కరుణ్‌ని అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. కొత్తగా మొదలుపెడదామని అన్నాను. అదీ నిజమే. వాడు తుడిచి ఇచ్చాడు.

ఏప్రిల్ 6. ఆదివారం

నాకు తెలివి లేదని ఎవరనగలరు? చర్చి నుంచి వచ్చాక రేచల్‌ని కూర్చోబెట్టి, మిషన్ మంచిదో కాదో చూద్దాం, చెయ్యి ఇవ్వు అన్నాను. 118/76. ఎంత ముద్దుగా ఉంది ఆ అంకె. పడుచు నాళాలు.

మిషన్‌కు ఎవరి చెయ్యి అయితే ఏమిటి, దానికి పేర్లు తెలియవు. పంతొమ్మిది దాకా రోజూ రెండుసార్లు. తారీఖు వచ్చాక నా బీపీ నేను తగ్గించుకుంటాను. తొక్కు కూడా మానేస్తాను. ఈ జాడీ అయిపోగానే.

ఏప్రిల్ 7

పొద్దున 116/74. సాయంత్రం 118/78.

ఏప్రిల్ 9

114/74. మిషన్ బుసబుసమంటూ గాలి నింపుకునేంతసేపు ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. ఏడాదిన్నరగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఇంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. వాళ్ళమ్మ చేపల పులుసు పెడితే వీధి చివరికి వాసన వచ్చేదట. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఆమె చెయ్యి ఇట్లాగే పట్టుకుని కూర్చునేదట. చెప్పి, "మీరు రోజూ ఇలా చూస్తుంటే ధైర్యంగా ఉంటోందండీ" అంది.

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. మాత్ర దిగిపోతోందనుకుంటాను.

ఏప్రిల్ 11

118/78. 120/80. వచ్చింది చూడు, నా అంకె. నిజంగానే వచ్చింది.

ఏప్రిల్ 13. మట్టల ఆదివారం

132/86. ఊరేగింపులో ఎండలో నడిచింది. అందుకే.

ఏప్రిల్ 14

136/88. రాత్రి సరిగా పడుకోలేదట. అందుకే.

ఏప్రిల్ 15

138/88. మిషన్‌లో సెల్లులు అయిపోయినట్టున్నాయి. కొత్తవి వేయించాను. 140/90. ఈ సెల్లులు కూడా మంచివి కావు.

ఏప్రిల్ 16

పొద్దున 146/94.

ఈ అంకె నాకు పనికిరాదు. పట్టీ వదులుగా చుట్టాను. బిడ్డ తన్ని ఉంటుంది. రేచల్ సబ్బు అడిగింది. పెళ్ళి ఉంగరం వేలికి బిగిసిందట, తీయాలట. ఎండాకాలం ఎవరికైనా వేళ్ళు లావెక్కుతాయి.

మాత్ర పట్టింది. చెయ్యి నిలిచింది. సరే, రాస్తాను.

1999, ఆగస్టు. ఈరమ్మకు ఎనిమిదో నెల, అప్పట్లో ఆమె ఉండేది మంఖాల్‌కు అవతలి ఊళ్ళో. ఆ రోజు వాన. బస్సు దిగితే మోకాలి లోతు బురద. సబ్ సెంటర్‌లోనే కూర్చుని ఆమె గడిలో నూట ఇరవై బై ఎనభై రాశాను. మూడో రోజు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. కాళ్ళు, చేతులు, మొహం అన్నీ వాచి ఉన్నాయి, ఉంగరాలు మాంసంలోకి దిగిపోయాయి. జీపులో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని నాలుక కొరుక్కోకుండా గుడ్డ పెట్టి పట్నం దాకా పట్టుకుని పోయాను. ఈరమ్మ బతికింది. ఆడపిల్ల, పుట్టకముందే పోయింది. ఎంక్వైరీకి వచ్చినవాళ్ళు రిజిస్టరు చూశారు. మూడు రోజుల క్రితం నూట ఇరవై బై ఎనభై ఉంది, ఇక నర్సమ్మ ఏం చేస్తుంది అన్నారు. ఈరమ్మ నన్ను దేవత అంది. ఇరవై ఆరేళ్ళుగా నా ప్రాణం కాపాడింది నువ్వే అని ఏటా జాడీ నిండా తొక్కు తెచ్చి ఇస్తోంది. నేను తింటున్నాను.

ఉంగరం. సబ్బు.

ఏప్రిల్ 17

తెల్లారగానే రేచల్ పాదం మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, లేవలేదు. తలనొప్పిగా ఉందా అంటే రాత్రి నుంచి ఉందంది, చెబితే మీరు కంగారు పడతారని చెప్పలేదంది. మిషన్ పెట్టాను. 152/100. మిషన్ తప్పు లేదు. మిషన్ ఎప్పుడూ తప్పు లేదు.

కరుణ్‌ని లేపాను. కారులో నేను మిషన్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కాన్పుల వార్డులో డ్యూటీ డాక్టరమ్మ, బీపీ ఎప్పటి నుంచి పెరుగుతోంది, ఇంతకు ముందు ఎంత ఉండేది అని అడిగింది. కరుణ్‌కు తెలియదు. పోయిన నెల చెకప్‌లో బాగానే ఉందన్నారని చెప్పాడు. ఆమె నా ఒళ్ళో మిషన్ చూసి, అందులో ఏమైనా ఉన్నాయా అంది.

"అవ్వి అమ్మయి మేడం. అమ్మకు మెదడు ఆపరేషన్ ఉన్నది, గందుకు" అన్నాడు కరుణ్.

ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. ఎల్లుండి నా అపాయింట్‌మెంటు. తారీఖు వచ్చేది. అబద్ధం చెప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఇక్కడ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని మొదటి పేజీలో రాశాను కాబట్టి, ఆ క్షణం నాకు ఈ ఆలోచన వచ్చిందని కూడా రాస్తున్నాను.

"అవ్వి నావి కావు. రేచల్‌వి. ఆరో తారీఖు నుంచి రెండు పూటలా దాని చెయ్యే పెట్టిన. నాది ఎక్కువున్నదని" అన్నాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. గబగబా అంకెలన్నీ దించుకుంది. నూట పద్దెనిమిది నుంచి నూట యాభై రెండు దాకా రోజు రోజుకూ ఎక్కినదంతా మెట్లలాగా కనిపించింది. ఇంత వివరంగా ఎవరూ తేరు అంది. వెంటనే చేర్చుకున్నారు. కరుణ్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

మంచం మీద నుంచి రేచల్ నన్నే చూస్తోంది.

"రోజూ నా చెయ్యి పట్టుకుంది దీనికోసమా అత్తయ్యగారూ?"

"దీనికోసమే మొదలువెట్టిన" అన్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది. నాకు సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో రానంత సిగ్గు.

ఏప్రిల్ 18. గుడ్ ఫ్రైడే

చర్చికి పోలేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావడానికి రేచల్‌కు సూదులు ఇస్తున్నారు. తొందరగా బయటికి తీయాల్సి రావచ్చట.

ఏప్రిల్ 19

నా అపాయింట్‌మెంటుకు పోలేదు.

ఏప్రిల్ 21

ఈస్టర్ మర్నాడు. నిన్న రాత్రి నుంచి బీపీ మళ్ళీ ఎక్కడంతో ఈ పొద్దున ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. రెండు కిలోల నూరు గ్రాములు. పుచ్చకాయ కంటే చిన్నది. అద్దాల పెట్టెలో పెట్టారు. గట్టిగా ఏడ్చింది, ఆ గొంతు మా వైపుదే.

రేచల్ బాగుంది. నన్ను చూసి కళ్ళు మూసుకుంది, కానీ నేను చెయ్యి పట్టుకుంటే లాక్కోలేదు. మిషన్ లేకుండానే పట్టుకున్నాను. నా చెయ్యి వణుకుతుంటే దాని చెయ్యి కూడా ఊగింది.

ఏప్రిల్ 29

ప్రియదర్శిని దగ్గరికి పోయి అన్నీ చెప్పేశాను. నోటుబుక్కు, కోడలి చెయ్యి, తొక్కు, పుచ్చకాయ. పుచ్చకాయ దగ్గర ఆమె మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, ఇవాళ్టి నుంచి నాలుగు వారాలు, నిజమైన చెయ్యి, నిజమైన అంకె అంది. బీపీ మాత్ర మోతాదు మార్చింది.

మే 2

పిల్ల ఇంటికి వచ్చింది. రెండున్నర కిలోలు అయ్యేదాకా తడిగుడ్డతో తుడవడమే, స్నానం వద్దన్నారు.

నా మనవరాలు నా కళ్ళ ముందే ఉంది. నా కాళ్ళు మంచం కింద వణుకుతూ తాళం వేస్తున్నాయి.

మే 4

పొద్దున పీట మీద కూర్చుని మిషన్‌తో కుస్తీ పడుతుంటే రేచల్ వచ్చి పట్టీ చుట్టింది. ఇంకా పచ్చి ఒళ్ళు, నేలమీద కూర్చోవద్దన్నాను. కుర్చీ లాక్కుంది.

"కదలకండి అత్తయ్యగారూ. మాట్లాడకండి" అంది.

158/96. నిజమైన అంకె ఎంత ఘోరంగా ఉంటుందో. రేచల్ తన ఫోన్‌లో రాసుకుంది. నా చేతుల్లో ఏమీ మిగల్చలేదు.

మే 9

152/92. పప్పులో ఉప్పు లేదు. దేవుడా.

మే 14

పిల్ల రెండు కిలోల అయిదు వందల యాభై. స్నానానికి డాక్టర్లు సరేనన్నారు. మంఖాల్‌లో ఇప్పుడు పసిపిల్లలకు నీళ్ళు పోసేది ఈరమ్మే. రేపు రమ్మని కబురు పెట్టాను. ఇంకొకరి కాళ్ళ మీద అన్నప్పుడు, ఆ కాళ్ళు ఆమెవే కావాలనిపించింది.

బీపీ 148/90.

మే 15

ఈరమ్మ జాడీతో వచ్చింది. కొత్త తొక్కు. జాడీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, కాళ్ళు చాపి కూర్చుంది. పిల్ల ఆమె కాళ్ళ మీద హాయిగా పడుకుంది. నేను కుర్చీలో కూర్చుని, నీళ్ళు వేడి చూడు, మెడ కింద చెయ్యి పెట్టు అని ఆజ్ఞలు వేస్తున్నాను. ఆమె పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోతోంది.

అప్పుడే చెప్పాను. ముందు అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ వాన రోజు నేను మీ ఇంటికి రాకుండానే వచ్చినట్టు రాసిన ఈరమ్మా అన్నాను.

ఆమె చెంబు ముంచుతూ నవ్వింది.

"నువ్వు రాలేదని నాకెర్క లేదా నర్సమ్మా? నేను ఇంట్లనే ఉన్న గద. వాకిట్ల కూసొని పొద్దుమీకే దాంక చూసిన."

ఇరవై ఆరేళ్ళు నేను ప్రపంచమంతటికీ దాచిన రహస్యం. దానికి మొదటి సాక్షి ఆమే. నాకు ఈ సంగతి ఎప్పుడూ తట్టనే లేదు. ప్రభుత్వానికి తెలియదు, ఆఫీసరుకు తెలియదు, ఈరమ్మకు ఎందుకు తెలియదనుకున్నాను? రిజిస్టరు చూసీ చూసీ, అందులో రాసిందే ఈరమ్మకూ జరిగిందనుకున్నాను.

"గది కాదు. ఆ పొద్దు వచ్చి బీపీ చూసి ఉంటే ముందుగాల్నే ఎర్కయ్యేది. దవాఖానకు తోల్కపోతుంటిమి" అన్నాను.

చెంబు ఆగింది. ఇది ఆమెకు తెలియదు.

"పిల్ల బతుకుతుండెనా?"

"బతుకుతుండెనేమో."

ఆమె మిగిలిన నీళ్ళు మెల్లగా పోసింది. తుడిచి, గుడ్డ చుట్టి, పిల్లను రేచల్‌కు ఇచ్చింది. చీర కుచ్చిళ్ళు పిండుకుని, టీ తాగకుండా పోయింది. జాడీ కూడా తీసుకుపోయింది.

మే 16

ఈరమ్మ రాలేదు. కరుణ్ కూర్చుని నీళ్ళు పోశాడు. 'పగిలే వస్తువు' అని రాసిన డబ్బాను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పిల్ల వాడి మీద ఉచ్చ పోసింది. రేచల్ కుట్లు నొప్పెట్టేదాకా నవ్వింది.

మే 17

రాలేదు.

మే 18

రాలేదు. 144/88. నేను ఇంకేం చేయగలను.

మే 19

ఈరమ్మ వచ్చింది. నాతో మాట్లాడలేదు. పిల్లకు నీళ్ళు పోసింది, పోయింది.

మే 24

రోజూ వస్తోంది. పిల్లతో మాట్లాడుతుంది, రేచల్‌తో మాట్లాడుతుంది, కరుణ్‌ను ఆటపట్టిస్తుంది. నన్ను కుర్చీ కిందే లెక్కేసింది. తగిన శాస్తే. అయినా వస్తోంది కదా.

138/86.

మే 31

నాలుగు వారాల అంకెలన్నీ రేచల్ ఫోన్‌లో చూపించింది. ప్రియదర్శిని ఒక్కొక్కటే చదివింది. ఒక రోజు 152, ఒక రోజు 139, ఒక రోజు కుదుపు, చివరి వారమంతా నూట నలభై లోపు. "ఇది బతికున్న మనిషి బీపీ" అంది. జూలై ఏడున ఆపరేషన్. నాళాల ఫోటోలు మళ్ళీ తీసి దారి గీస్తారట. భయమేస్తోంది. కరుణ్ ముందు వేయనట్టు ఉన్నాను, ఇక్కడ రాస్తున్నాను, బాగా భయమేస్తోంది. తీగలు పడ్డాక కరెంటు ఇవ్వడానికి ఇంకో మూడు వారాలు. అప్పటికి పిల్లకు మూడు నెలలు దాటతాయి. పుట్టిన పిల్లకు మొదటి స్నానం నా కాళ్ళ మీద జరగలేదు, ఇక జరగదు. ఈ మాట రాస్తే ఏడుపొస్తుందనుకున్నాను. కొంచెం వచ్చింది.

జూన్ 2

పొద్దున స్నానం వేళకు ఈరమ్మ నన్ను చూసి, కుర్చీ దిగమని గడ్డంతో సైగ చేసింది. దిగి పక్కన పీట మీద కూర్చున్నాను. చెంబు నా చేతికి ఇచ్చింది. నా చెయ్యి ఊగుతోంది. ఆమె ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కలిసి పోశాం. సగం పిల్ల మీద, సగం మా ఇద్దరి చీరల మీద పడ్డాయి. పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది, ఏడవలేదు.

రేచల్ పిల్లను తీసుకుని లోపలికి పోయాక ఈరమ్మ లేవలేదు. తడికాళ్ళతో అక్కడే కూర్చుంది. తొక్కు తెస్తలేను, నీకు ఉప్పు బందట గద అంది. పద్దెనిమిది రోజుల తర్వాత నాతో మొదటి మాట. నీ తలకాయల తీగలు పెడతరట, నిజమేనా అంది. నిజమే అన్నాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఎడమచెయ్యి చాపి, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"ముందుగాల నాది చూడు. చూసినంక రాయి."

రేచల్‌ని పిలవలేదు. పట్టీ నేనే చుట్టాను. మూడుసార్లు జారింది. ఆమె చెయ్యి కదపకుండా అట్లాగే పెట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లయినా చుట్టనిచ్చేదే.

రిజిస్టరులో వెనక్కి తిప్పి ఖాళీ వరుస వెతికాను.

పేరు: ఈరమ్మ. ఊరు: మంఖాల్. తేదీ: 2-6-2025. బీపీ: 154/92. చూశాను.